ఊదొత్తి వెలిగించిన పుస్తకాలు

నిన్న విజయనగరంలో గంటస్తంభం దాటి వస్తున్నాను. ఓ పుస్తకాల షాపు ముందు జనం తోసుకుంటున్నారు. పుస్తకాల కోసం మన జనం తోసుకోవడం ఎప్పుడైనా చూశామా? ఏమిటా అని తొంగి చూశాను. బల్ల మీద ఓ రచయిత ఫొటో, దానికి చామంతి దండ, ముందు అరటిపండులో గుచ్చిన ఊదొత్తి. మూడు రోజుల కిందట పోయాడట పాపం. నిరుడంతా ఆయన పుస్తకం అదే షాపులో పై అరలో బూజు పట్టి ఉండటం నేనే చూశాను. నిన్న మధ్యాహ్నానికి ఒక్క కాపీ మిగల్లేదు.

నేను అక్కడే ఆగిపోయాను. పోయినాయన మీద బెంగతో కాదు. దేవుడు క్షమించుగాక, ఆయన పుస్తకం నేను ఒక్కటీ చదవలేదు. ఆ ఊదొత్తి వాసనకి నా ఒళ్ళు ఝల్లుమంది.

"ఆయన నిజంగానే పోయారాండి?" అని అడిగాను.

షాపాయన నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. "పేపర్లో వేశారు కదండీ!"

అయితే నిజమే. కానీ అడక్కుండా ఉండలేను. మా పుస్తకాల మావని ఎరిగినవాడెవడూ అడక్కుండా ఉండలేడు.

ఆయన పేరు నాకు తెలుసు గానీ రాయను. విజయనగరం నుంచి నౌపడ దాకా ప్యాసింజరు బండి ఆగే ప్రతి స్టేషన్లోనూ ఆయన పుస్తకాల మావే. పొట్టి మనిషి. తల మీద రేకు పెట్టె, ఆ పెట్టె కింద చుట్టకుదురుగా తువ్వాలు. ప్లాట్‌ఫారం మీద గోనెపట్టా పరిచి, పెట్టె తెరిచి, పుస్తకాలు వరసగా పేర్చి, పక్కన ఓ మరచెంబుతో నీళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ నీళ్ళు తాగడానికి కాదు. ఎవడైనా పకోడీ తిన్న చేత్తో పుస్తకం అందుకోబోయాడా, అయిపోయాడే.

"ఒరే, సెయ్యి కడుగు! అన్నానికి ముందు కడగవేటి? ఇది అన్నం కాదేటి?"

తాసీల్దారుగారైనా సరే, వంగి చెయ్యి కడుక్కుని తువ్వాలుకి తుడుచుకోవలసిందే. ఓసారి ఓ పెద్దమనిషి "కొనేది నేనయ్యా" అని కోప్పడితే, "కొనకపోతే నాకేటి? నూని మరక పడ్డాక ఎవుడు కొంటాడు?" అని పెట్టె మూత దఢాలున వేసేశాడు. ఆ పెద్దమనిషి చెయ్యి కడుక్కుని రెండు పుస్తకాలు కొన్నాడు. అదీ మావ తీరు.

కొత్త పుస్తకం వస్తే ముందు చదివేవాడు కాదు. మధ్యకి విప్పి, ముక్కు లోపలికి దూర్చి, కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. "ఇది ఆడతాది" అనో, "ఇది ఆడదు, కట్ట ఇప్పకు" అనో చెప్పేసేవాడు. చాలాసార్లు అలాగే అయ్యేది, ఎలా తెలిసేదో ఆ పరమాత్ముడికే ఎరుక.

బెజవాడ నుంచి సరుకుతో పాటు కబుర్లూ తెచ్చేవాడు. మాలాంటి రాతపిచ్చిగాళ్ళం సగం ఆ కబుర్ల కోసమే ఆయన చుట్టూ చేరేవాళ్ళం. "కాయితం రేటు పెరిగిపోనాదట అల్లుడూ, ఇంక నవలలన్నీ బక్కసిక్కిపోతాయి." "వారపత్రికలో సీరియల్ రాస్తన్న ఆవిడ ఉన్నాది సూడు, ఆవిడ ఆవిడ కాదట్రా, మీసాలాయన! ఆడపేరెట్టుకుంటేగానీ అచ్చెయ్యనన్నాడట పబ్లిషరు." ఇలా ఉండేవి. వాటిలో ఏది నిజమో ఏది బొంకో పేపరుకైనా తెలిసేది కాదు. మావకి నేను అల్లుణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. ఆయన అందరికీ మావే కదా, కాబట్టి మేమందరం అల్లుళ్ళం.

ఇక ఊదొత్తి సంగతి.

ఎవరైనా రచయిత పోయాడని తెలిస్తే, మావ ఆయన పుస్తకాన్ని వరసలోంచి తీసి విడిగా పెట్టేవాడు. పత్రికలోంచి కత్తిరించిన ఫొటో దాని మీద ఆనించి, ఓ పూలదండ వేసి, అరటిపండు మీద ఊదొత్తి గుచ్చేవాడు. నోరెత్తేవాడు కాదు. బండి దిగినవాళ్ళు చూసేవాళ్ళు, "అయ్యో, పోయాడా!" అనేవాళ్ళు, తలో కాపీ కొనుక్కుని పోయేవాళ్ళు. బతికుండగా తిరగేసి చూడనివాళ్ళు కూడాను. ఇంతవరకు తప్పేం లేదు, గౌరవమే. కానీ ఒకసారి నేను మా ఊరి స్టేషన్లో ఓ నవల అలాగే గుండె బరువెక్కి కొనుక్కున్నాను. ఇంటికెళ్ళి ఏడ్చినంత పని చేశాను. నెల తిరక్కుండా ఆ చచ్చిపోయిన మహానుభావుడి కొత్త సీరియల్ మొదలైంది, పక్కన ఆయన నవ్వుతున్న బొమ్మతో సహా!

పత్రిక పట్టుకెళ్ళి మావ ముఖం ముందు పెట్టాను. "ఏటి మావా ఇది? సచ్చినాయన సీరియల్ రాస్తన్నాడేటి?"

మావ బొమ్మని పరకాయించి చూశాడు. "మంచిదే గదా. బతికినాడు. సంతోసించు."

"సిగ్గులేదూ నీకు? బతికున్నోణ్ణి సంపీసి అమ్ముకుంటావా?"

"ఒరే, కాకి నెత్తి మీద తన్నితే మనోళ్ళు ఏటి సేస్తారు? సచ్చిపోనాడని సుట్టాలకి కబురెడతారా నేదా? ఆళ్ళు ఏడిస్తే దోసం పోతాది, ఆయుస్సు పెరుగుతాది. ఆయన కోసం నువ్వు ఏడిసినావు. ఆయనకి నూరేళ్ళు. నాను మేలే సేసినాను." ఇలా అని, గొంతు తగ్గించి, "సచ్చినోడి పుస్తకానికున్న గిరాకీ బతికున్నోడికి నేదు అల్లుడూ. నానేటి సేసీది? సదివీవోళ్ళని అడుగు" అన్నాడు.

నవ్వొచ్చేసింది నాకు. నవ్వేశాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పటికి నేను సాలూరులో ఓ లారీ ఆఫీసులో బుకింగు గుమస్తాని. పగలంతా మూటలకి చీటీలు రాయడం, మిగిలిన వేళ నవల రాయడం. ఆ నవలని విజయనగరంలో ఓ చిన్న ప్రెస్సులో అచ్చేయించుకున్నాను. అచ్చయితే వేయించుకున్నాను గానీ కొనేదెవడు? కట్టలు కట్టలుగా ఆఫీసులో నా మంచం పక్కనే పడి ఉన్నాయి. లారీ డ్రైవర్లు వాటి మీద కూర్చుని అన్నం తినేవాళ్ళు. మావే ఓ రోజు వచ్చి కట్ట విప్పి, ముక్కు దూర్చి వాసన చూశాడు. ఓ కాపీ చంకలో పెట్టుకుపోయి, వారానికి మళ్ళీ వచ్చాడు.

"ఆడతాదా మావా?"

"కతలో ఒక తల్లి ఉన్నాది గదా, ఆవిడ బాగున్నాది" అన్నాడు. అంటే నా పుస్తకాన్ని చదివాడన్నమాట! మావ చదవడం నేనెరిగి అదొక్కటే. "ఆడతాదని సెప్పనేను గానీ ఆడిద్దాం. ఫొటో ఉంటే ఇయ్యి."

ఫొటో! చూడండి నా బుద్ధి. చచ్చినవాళ్ళకి తప్ప మావ ఫొటో పెట్టడని నాకు తెలుసు. తెలిసీ, స్టూడియోకి పరిగెత్తి, అక్కడే తగిలించి ఉన్న కోటు తొడుక్కుని, గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఫొటో తీయించుకుని మరీ ఇచ్చాను. కళ్ళు నెత్తికెక్కడమంటే అదే. పేరున్న రచయితల పక్కన నా బొమ్మ ఉంటుందన్న మురిపెమే తప్ప ఇంకో ఆలోచన రాలేదు.

నెల దాటింది. ఓ సాయంత్రం టెక్కలి వైపు నుంచి వచ్చిన డ్రైవరొకడు చీటీ కోసం ఆఫీసు గుమ్మంలోకొచ్చాడు. నన్ను చూసి చేతిలో టిఫిన్ క్యారేజీ కింద పడేశాడు.

"ఓర్నాయనోయ్! నువ్వు పోనావు గదేటి!"

"ఎక్కడికి?"

"పైకి! నౌపడ టేసన్లో నీ ఫొటోకి దండేసినారు, ఊదొత్తెట్టినారు. సిన్నోడు, గుండాగి పోనాడు అంటే ఆడోళ్ళు ముక్కు సీదుకుంటా కొంటన్నారు. నానూ ఒకటి కొన్నాను, ఇదిగో!"

ఇక్కడ నేనో నిజం ఒప్పుకోవాలి. ఆ మాట వినగానే నా నోట మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా? "అయితే పుస్తకాలు బాగా అమ్ముడవుతన్నాయా?" అని. అవును, అదే అడిగాను. "కట్ట అయిపోనాది, రెండోది ఇప్పినాడు" అన్నాడు డ్రైవరు. అందరం పగలబడి నవ్వాం. ఒకడు నాకు కొత్త జన్మ అని టీ ఇప్పించాడు. టీ గ్లాసు నోటి దాకా వచ్చాక అప్పుడు తట్టింది నాకు.

నౌపడకి కాస్త ఇవతలే కోటబొమ్మాళి. కోటబొమ్మాళిలో మా అమ్మ.

గ్లాసు ఎక్కడ పడేశానో తెలీదు. అటు వెళ్ళే లారీ దొరికితే మూటల మీద ఎక్కేశాను. దారి పొడుగునా దేవుళ్ళకి మొక్కుకుంటూనే ఉన్నాను. అమ్మకి చదువు రాదు, పుస్తకం చూసినా పోల్చుకోలేదు అని ఓసారి ధైర్యం చెప్పుకోవడం, ఫొటో పోల్చుకోవడానికి చదువెందుకురా వెధవా అని నన్ను నేనే తిట్టుకోవడం. పొద్దెక్కేసరికి మా వీధిలో దిగాను. పక్కింటి అత్త కల్లాపి చల్లుతూ నన్ను చూసి చెంబు వదిలేసి "ఓలమ్మో, ఓలమ్మో" అని గోడకి అతుక్కుపోయింది.

"నేనే అత్తా! బతికే ఉన్నాను! అమ్మేదీ?"

నా చెయ్యి తడిమి చూసి, వేడిగా ఉందని తెలిశాకే నోరు పెగిలింది అత్తకి. "నిన్న పొద్దున్న ఉప్పమ్మే మనిసి సెప్పినాది. అంతే, మీ అమ్మ సెప్పులైనా ఏసుకోనేదురా. రైలుపట్టా ఎంబడే నడిసెల్లిపోనాది నౌపడ."

నేనూ నౌపడ వెళ్ళాను. ఆ ప్లాట్‌ఫారం మీద నేను చూసింది చచ్చేదాకా మర్చిపోలేను.

ఉప్పుమళ్ళ మీంచి గాలి విసురుగా కొడుతోంది. గోనెపట్టా మీద అమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో నా ఫొటో, దండతో సహా. ఏడవడం లేదు. రెప్ప వెయ్యడం లేదు. ఫొటోలో నా చెంప మీద వేలితో రాస్తూ ఉంది. ఎదురుగా మావ మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆ పొట్టి మనిషి మొహం నల్లగా మాడిపోయి ఉంది. జుట్టు రేగిపోయింది. చుట్టూ పుస్తకాలు గాలికి రెపరెపలాడుతున్నాయి, పకోడీ చేతులవాళ్ళెవరో తిరగేసి పోతున్నారు. మావ వాళ్ళ వైపు చూడటం లేదు.

"అమ్మా, నీ కాళ్ళట్టుకుంటాను, నీ కొడుకు బతికే ఉన్నాడమ్మా. అబద్దమాడినాను. పుస్తకాలు అమ్ముకుందామని అబద్దమాడినాను. సాలూర్లో ఉన్నాడు, బతికే ఉన్నాడు."

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నన్ను ఓదార్సడానికి సెప్తన్నావు అన్నా. నువ్వు మంచోడివి. బతికున్నోడికి ఎవులైనా దండేస్తారేటి?"

నిన్నటి నుంచీ అదే మాటట. స్టేషన్ కూలీలు చెప్పారు నాకు. మావ చెప్పడం, ఆవిడ నమ్మకపోవడం. సాలూరుకి తీసుకెళ్తాను రమ్మన్నా కదల్లేదట. శవం ఎక్కడుందో చెప్తే అక్కడికైతే వస్తానందట. ఇద్దరికీ నీళ్ళు కూడా గొంతు దిగలేదట.

"అమ్మా!" అన్నాను.

తల ఎత్తింది. ఫొటో వైపు చూసింది. నా వైపు చూసింది. లేచి వచ్చి రెండు చేతులతో నా మొహం తడిమింది. ఆ తర్వాత నా చెంప పగిలిపోయేలా ఒక్కటిచ్చింది. ఆ చెంప మీదే ముద్దు పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది. బండి దిగినవాళ్ళందరూ ఆగిపోయారు. అంత చిన్న గుండెలో అంత ఏడుపు ఎలా పట్టిందో!

నేను మావ మీద పడ్డాను. కొట్టలేదు గానీ కొట్టినా బావుణ్ణు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆఖరికి అన్నాను కదా, "రేపు నువ్వు నిజంగా సచ్చినా నాను రాను. నా కంటి సుక్క నీకు రాలదు. ఇదే నా ఒట్టు!" అని.

అమ్మే కళ్ళు తుడుచుకుని అంది, తిట్టినట్టు కూడా అనలేదు, "అన్నా, ఇంకే తల్లికీ ఈ కబురు సెప్పకు."

మావ పెట్టెలోంచి ఊదొత్తుల కట్ట తీశాడు. మోకాలికేసి విరిచి పట్టాల మీదకి విసిరేశాడు.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఈ ప్లాట్‌ఫారం మీదుంటే నేను ఆ ప్లాట్‌ఫారం మీదికి మారిపోయేవాణ్ణి. ఓసారి డ్రైవరు చేత ఓ కొత్త నవల పంపాడు, "ఇది ఆడతాది, అల్లుడు సదవాలి" అన్నాడట. విప్పకుండా తిప్పి పంపేశాను. పౌరుషం! ఏం పౌరుషమో మరి. పుస్తకాల కబుర్లు లేక నాకే నోరు చప్పబడిపోయింది గానీ మెట్టు దిగలేదు.

నూర్పులకని సెలవు పెట్టి ఇంటికొచ్చిన రోజుల్లో ఓ మధ్యాహ్నం మా వీధి చివర టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. నౌపడ నుంచి వచ్చిన ఉప్పు మనిషి గంప దించుతూ అంది, "పుస్తకాల మావ పోనాడట."

ఒక్క క్షణం అందరూ మొహమొహాలు చూసుకున్నారు. వెంటనే నేనే అందుకున్నాను. "ఇన్నాళ్ళూ ఊరోళ్ళకి ఎట్టినాడు, ఈసారి తనకే ఎట్టుకున్నాడన్నమాట ఊదొత్తి! సరుకు మిగిలిపోయుంటాది."

"మావ నెత్తి మీద కాకి తన్నుంటాది" అన్నాడు టీ కొట్టువాడు.

నవ్వులే నవ్వులు. అప్పటికి ఏడాదిన్నర తర్వాత మావ పేరు నా నోట వచ్చింది, నవ్వుతూ వచ్చింది. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల సంతోషంగా కూడా ఉంది. ముసలాడు మళ్ళీ తన ఆట మొదలెట్టాడు, రేపో ఎల్లుండో వెళ్ళి "ఏటి మావా, సచ్చినోడివి పుస్తకాలమ్ముతన్నావేటి?" అని అడుగుదాం, అలా మాటలు కలుస్తాయి అనుకున్నాను.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను, నవ్విద్దామని. అమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి లేచింది. కొంగు నడుం చుట్టూ దోపుకుంది.

"ఎక్కడికే?"

"నౌపడ."

"అబద్దమే అమ్మా! ఆడి సంగతి నీకు తెల్దేటి? నీ కాడే గదా అంత ఏసం ఏసినాడు!"

"అబద్దమైతే మరీ మంచిది గదరా" అంది చెప్పులు వెతుక్కుంటూ. "కాకి తన్నినా ఎవులో ఒకలు ఏడవాలి గదా. ఏడిస్తేనే గదేటి దోసం పోయీది? ఆడికెవులున్నారు? పెళ్ళామా, పిల్లలా?"

నేను వెళ్ళలేదు. ఒట్టొకటి ఉంది కదా నాకు! ప్యాసింజరు ఎక్కించనైనా లేదు. ఆవిడే వెళ్ళింది.

సందె వేళ వాకిట్లో చప్పుడైతే బయటికి వచ్చాను. అమ్మ తిరిగొచ్చింది. గడప దాటలేదు. అరుగు కింద, చూరుకి దూరంగా నిలబడి ఉంది.

"ఒరే, లోపలి బట్టలేవీ ముట్టుకోకుండా బిందితో నీళ్ళట్రా" అంది.

చావింటి నుంచి వచ్చినవాళ్ళే అలా బయట నిలబడతారు. బిందె ఎలా ఎత్తానో, చెంబు ఎలా ముంచానో తెలీదు.

"పొద్దున్నే పోనాడట్రా. టేసన్లో బల్ల మీద, ఆ రేకు పెట్టి తల కిందెట్టుకుని పడుకున్నోడు పడుకున్నట్టే. మూడు బళ్ళొచ్చి ఎల్లిపోనాయట. మావ కొత్త ఏసం ఏసినాడని అందరూ నవ్వుకుంటా ఎల్లిపోనారట. ఒకడైతే కాలు కదిపి, 'ఈసారి ఎవులు పోనారు మావా' అని కూడా అడిగినాడట." అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నానెల్లేసరికి ఇద్దరు కూలీలున్నారు. ఇంకెవులూ రానేదు. ఎవులూ నమ్మనేదు."

నేనూ నమ్మనేదు.

"దీపం ఎవులూ ఎట్టనేదు, ఊదొత్తైనా ఎడదామని పెట్టంతా ఎతికినాను. పుస్తకాలే పుస్తకాలు. అడుగున మిగిలినవి నీ పుస్తకాలట, కూలోడు పేరు సదివి సెప్పినాడు, మళ్ళీ కట్ట కట్టినవి కట్టినట్టే. ఊదొత్తి మాత్రం ఒక్కటీ నేదురా. ఆ రోజు ఇరిసీసినాడు సూడు, మళ్ళీ కొననేదట. కూలీలు సెప్పినారు. ఆఖరికి టీ కొట్లో దేవుడి పటం ముందుది అడిగి తెచ్చి ఎట్టినాను."

"ఏడిసినావా అమ్మా?" అన్నాను.

"మరి? అక్కడ ఏడవడానికి ఇంకెవులున్నారు?" అంది. "నీళ్ళు పొయ్యిరా, సలేస్తంది."

ఒక చెంబు పోశాను. రెండో చెంబులో సగం నీళ్ళు నా కాళ్ళ మీదే పడ్డాయి.